మీ మాటల్లో చెప్పండి

"సంతకం ఎక్కడ పెట్టాలండీ?"

కుర్చీలో ఇంకా సరిగ్గా కూర్చోనే లేదు, అప్పుడే అడిగేశాడు అతను.

బయట వాన. గొడుగు లేకుండా వచ్చినట్టున్నాడు, జుట్టులోంచి నీళ్ళు కారి మెడ మీదికి దిగుతున్నాయి. చేతులు రెండూ మాత్రం చొక్కా కిందికి దూర్చుకుని, తడవకుండా దాచుకుని వచ్చాడు. ఆమె మొదట గమనించింది అదే. తలని వానకి వదిలేసి చేతుల్ని కాపాడుకునే మనిషి.

"ముందు నేను చెప్పేది వినాలి. తరవాత ఇది చదవాలి. ఇంటికి తీసికెళ్ళి మీవాళ్ళతో మాట్లాడాలి. అప్పటికీ ఇష్టమైతేనే సంతకం."

"అంత తతంగమా? మా బంధువుల్లో పెళ్ళి సంబంధాలు కూడా ఇంతకన్నా తొందరగా తేలిపోతాయి."

ఆమె నవ్వలేదు. ఆ ఉద్యోగంలో ముందు నేర్చుకోవాల్సింది నవ్వకపోవడమే.

ఆసుపత్రి వరండా చివర ఉన్న ఆ చిన్న గదిలో, క్లినికల్ ట్రయల్స్‌లో చేరదామని వచ్చేవాళ్ళకి అన్నీ విడమరిచి చెప్పడం ఆమె పని. చెప్పాలి గాని ఒప్పించకూడదు. భయపెట్టకూడదు, ఆశపెట్టకూడదు. పక్క గదిలో ఇదే పని ఏళ్ళ తరబడి చేస్తున్న మీసాల సారు ఆమె చేరిన రోజే చెప్పాడు: "మన ముఖం తెల్ల కాగితంలా ఉండాలమ్మాయ్. వచ్చినవాళ్ళు మన ముఖం చూసి జవాబు చెప్పకూడదు."

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. చేతుల మీద చర్మం పగిలి దురద పెట్టే జబ్బుకి కొత్త క్రీము వచ్చింది. ఇంతకుముందు కొద్దిమంది మీద వాడి చూశారు, పెద్ద ప్రమాదమేమీ కనిపించలేదు. నిజంగా పనిచేస్తుందా లేదా అన్నది ఇప్పుడు చూడాలి. వచ్చినవాళ్ళలో సగం మందికి మందున్న క్రీము, సగం మందికి మందు లేని క్రీము. రెండు ట్యూబులూ అచ్చు ఒక్కలాగే ఉంటాయి. ఎవరికి ఏది వెళ్ళాలో కంప్యూటరు చీటీ తీసినట్టు తీస్తుంది.

"మీకు ఏది వచ్చిందో మీకు తెలీదు, నాకు తెలీదు, డాక్టరమ్మకీ తెలీదు. రాసుకుంటే మంట పుట్టచ్చు, ఎర్రబడచ్చు. అలాంటిదేదైనా అయితే వెంటనే ఫోన్ చెయ్యాలి. ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు మానెయ్యచ్చు, కారణం చెప్పక్కర్లేదు. మానేసినా మీకు మామూలు వైద్యం ఇక్కడ ఆగదు."

"బావుంది. ఇప్పుడు సంతకం..."

"ఇప్పుడు మీకేం అర్థమైందో మీ మాటల్లో చెప్పండి."

అతను తలుపు వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూశాడు. "ఒప్పజెప్పాలా? బళ్ళో కూడా నన్నిలా లేపి నిలబెట్టలేదండీ. సరే... కొత్త క్రీము. రాసుకోవాలి. తగ్గిపోతుంది."

"తగ్గిపోతుందని నేననలేదు."

"అన్నట్టే వినిపించింది."

"మీకు అలా వినాలని ఉంది. నేను అన్నది, పనిచేస్తుందో లేదో చూడాలి అని."

అతని ముఖం చిన్నబోయింది. "మీకు నా సంతకం అక్కర్లేనట్టుంది."

"చదవకుండా పెట్టే సంతకం అక్కర్లేదు."

అతను కాగితాలు అందుకోవడానికి చేతులు బయటికి తీశాడు. వేళ్ళ కణుపుల దగ్గర చర్మం ఎండిన మడిలా నెర్రెలు విచ్చి ఉంది. ఆమె చూస్తోందని తెలిసి, కాగితాల కింద దాచేశాడు.

"మాది బేకరీ," అన్నాడు. "పిండి పిసికే చేతులు. మొన్న ఒకావిడ రొట్టె తీసుకోబోయి, వీటిని చూసి మళ్ళీ పెట్టేసి వెళ్ళిపోయింది. ఏమీ అనలేదు. ఏదైనా అన్నా బావుండేది."

అప్పట్నుంచి రబ్బరు తొడుగులు వేసుకుంటున్నాడట. వాటిలో చెమట పట్టి దురద రెట్టింపవుతోంది. పైగా తొడుగుల్లోంచి పిండి తనతో మాట్లాడదట. ఎప్పుడు ఆపాలో తెలీడం లేదట. ఇలాగే ఉంటే పిసికే బల్ల వదిలేసి వేరే పని చూసుకోవాల్సిందే.

ఆమె తెల్ల కాగితంలాగే కూర్చుంది. అతను వెళ్ళాక మాత్రం, కుర్చీ కింద అతను వదిలి వెళ్ళిన నీటి మడుగుని కాసేపు చూసింది.

*

మళ్ళీ వచ్చినప్పుడు అతనితో నానమ్మ కూడా వచ్చింది. బక్కపల్చటి మనిషి, గొంతు మాత్రం వరండా ఆ చివరికి వినిపించేంత.

"నువ్వేనా అమ్మాయ్, మా వాడిని ఎలకని చేస్తానన్నది?"

"నానమ్మా!"

"నువ్వాగరా. మనుషుల మీద ప్రయోగాలేంటమ్మా? ఎలకలు అయిపోయాయా ఏం, మీ ఆసుపత్రిలో?"

"ఎలకల మీద చూడటం ఎప్పుడో అయిపోయిందండీ," అంది ఆమె నెమ్మదిగా. "ఎలకకి తగ్గితే మనిషికి తగ్గుతుందని చెప్పలేం కదా. పైగా, ఎలకని ఎవరూ ఇష్టమేనా అని అడగరు. మీ మనవణ్ణి అడుగుతున్నాం. వద్దంటే ఇప్పుడే లేచి వెళ్ళిపోవచ్చు."

నానమ్మ కొంచెం మెత్తబడింది. "అది సరే. ఉత్త క్రీము కూడా ఇస్తారటగా? అదేం న్యాయం?"

ఆమె నోరు తెరిచేలోపు అతను అందుకున్నాడు. "నే చెప్తా విను. నువ్వు కొత్త రకం ఈస్టు తెచ్చావనుకో. దాంతో ఒక ట్రే బన్నులు చేశాం, పాతదాంతో ఒక ట్రే. ఏవి బావున్నాయో తిని చెప్పమని పక్కింటావిడని అడిగావు. ఇది కొత్తదని ముందే చెప్తే ఏమంటుంది?"

"కొత్తదే బావుందంటుంది. దానిది మొదట్నుంచీ అదే వరస."

"అందుకని ఆవిడకి చెప్పకూడదు. నీకూ తెలీకూడదు. నీకు తెలిస్తే నీ ముఖం చెప్పేస్తుంది. నీ ముఖంలో ఏదీ దాగదు."

నానమ్మ ఆలోచించింది. "నువ్వేమంటావమ్మాయ్, వీడు చెప్పింది సరైందేనా?"

"నేను చెప్పినదాని కన్నా బాగా చెప్పారు," అంది ఆమె. తెల్ల కాగితం మీద చిన్న గీత పడింది, పెదవి చివర. అతను ఆ గీతని చూశాడు. సంతకం పెట్టేటప్పుడు పెన్ను రెండుసార్లు జారింది.

*

పరీక్షలకి వచ్చిన ప్రతిసారీ ఒకే ప్రశ్న.

"సున్నా అంటే దురద అసలు లేనట్టు. పది అంటే భరించలేనంత. ఈ వారం ఎంత?"

మొదటిసారి "ఎనిమిది" అన్నాడు. తరవాత కూడా "ఎనిమిదే" అన్నాడు. ఆ రెండోసారి ఆమె కలం కాగితం మీద రెప్పపాటు ఆగింది. కళ్ళలో ఏదో దీపం తగ్గించినట్టయింది. ఇంకెవరైనా అయితే గమనించేవాళ్ళు కాదు. కానీ అతను ఓవెన్ అద్దంలోంచి రంగు చూసి రొట్టె కాలిందో లేదో చెప్పేవాడు. చిన్న తేడాలు పట్టుకోవడమే అతని బతుకు.

ఆ పై వారం "ఆరు" అన్నాడు. దీపం మళ్ళీ వెలిగింది.

ఒకరోజు కాగితం సంచీలో వేడివేడి బన్ను తెచ్చాడు.

"వాలంటీర్ల దగ్గర మేం ఏమీ తీసుకోకూడదు."

"ఒక్క బన్నేనండీ."

"ఒక్కటైనా."

"పోనీ వాసన చూడండి. వాసన చూస్తే తీసుకున్నట్టు కాదుగా?"

సంచీ విప్పి కిటికీ గట్టు మీద పెట్టాడు. గది నిండా వాసన పరుచుకుంది. పక్క గదిలోంచి ముందు మీసాలు వచ్చాయి, వాటి వెనకాల సారు వచ్చాడు.

"ఎవరిదమ్మా ఈ పని? నేను పథ్యంలో ఉన్నానని తెలీదూ?"

ఆమె ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఫైలు వెనక నవ్వితే తెల్ల కాగితం నలిగినట్టు కాదనుకుంది.

ఆ రోజు అతను "నాలుగు" అన్నాడు. ఆ తరవాత "రెండు".

డాక్టరమ్మ మాత్రం అతని చేతులు భూతద్దం కింద పెట్టి తిప్పి తిప్పి చూసింది. "ఇతనికి బాగా తగ్గిందంటున్నాడే. నాకు పగుళ్ళు అలాగే కనిపిస్తున్నాయి."

"పైకి అలా ఉన్నా, లోపల హాయిగా ఉందండీ," అన్నాడు అతను, తడుముకోకుండా.

*

ఆ సాయంత్రమే వాన పట్టుకుంది. ఆసుపత్రి నుంచి ఇంటికి నడిచి వెళుతున్న ఆమె ఒక రేకుల చూరు కిందికి పరిగెత్తింది. రొట్టె వాసన తగిలాక గాని అది ఎవరి చూరో తెలియలేదు. పక్కనే కిటికీ.

లోపల పిండి బల్ల. దాని పక్కన కుళాయి. అతను తొడుగులు లాగి పారేసి, చేతులు రెండూ నీళ్ళ కింద పెట్టి, కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడ్డాడు. కాసేపటికి చేతులు తీసి బల్ల అంచుకేసి రుద్దుకున్నాడు. రుద్దుతూ పళ్ళు బిగించాడు. మళ్ళీ నీళ్ళ కింద పెట్టాడు.

ఆమె తలుపు తోసుకుని లోపలికి వచ్చేసింది.

"ఇందాక రెండన్నారు."

అతను ఉలిక్కిపడ్డాడు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు, దొంగలా.

"మీరా? తడిసిపోయారు... నానమ్మా, తువ్వాలు..."

"ఇది రెండా?"

కుళాయి ఒక్కటే మాట్లాడుతోంది.

"ఎంత?" అంది ఆమె.

"ఎనిమిది," అన్నాడు. "ఒక్కోరోజు తొమ్మిది."

"మరి ఎందుకలా చెప్పారు?"

"రెండోసారి ఎనిమిదంటే మీ కళ్ళు చిన్నబోయాయి. ఆరంటే వెలిగాయి. నాకు మళ్ళీ వెలిగించాలనిపించింది. అంతే. ఎవరికి నష్టమనుకున్నాను? నా చేతులు, నా దురద."

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మంట అతని మీదా, తన కళ్ళ మీదా అన్నది వెంటనే తేల్చుకోలేకపోయింది.

"మీ దురదే. కానీ మీరు అబద్ధం నాకు ఒక్కదానికే చెప్పలేదు. మీలాగే ఎక్కడెక్కడో చేతులు కుళాయి కింద పెట్టుకుని నిలబడే వాళ్ళందరికీ చెప్పారు. వాళ్ళు వాడే మందు ఏదో తేల్చేది మీరిచ్చే అంకెలే. నానమ్మకి అంత బాగా చెప్పారే, ముఖం చూస్తే నాలిక మారిపోతుందని! మీ నాలికే మార్చేశారు."

వెనక్కి తిరిగి వానలోకి నడిచింది.

కౌంటరు దగ్గర నానమ్మ తువ్వాలు పట్టుకుని నిలబడిపోయింది. "అమ్మాయ్, గొడుగైనా..." అంది. తరవాత లోపలికి చూసి, "ఒరేయ్ ఎలకా, ఏం కొరికావురా?" అంది.

*

మర్నాడు పొద్దున్నే ఆమె డాక్టరమ్మ ముందు నిలబడి అంతా చెప్పింది. అతను చెప్పిన అబద్ధం చెప్పింది. అందులో తన కళ్ళ వాటా కూడా చెప్పింది.

డాక్టరమ్మ అతని ఫైలు తెరిచింది. "అతన్ని పిలిచి మాట్లాడతాను. అంకెలు సరిదిద్ది, ఎందుకు సరిదిద్దామో పక్కన రాయాలి. ట్రయల్స్ మీద కన్నేసి ఉంచే కమిటీకి తెలియజేయాలి. ట్రయల్‌లో ఉంచాలా వద్దా అన్నది ఆ తరవాత సంగతి. మరి నువ్వు?"

"ఇకనుంచి అతన్ని మీసాల సారు అడిగితే బావుంటుంది మేడం. నావల్ల కాదు."

ఎందుకు కాదో డాక్టరమ్మ అడగలేదు. ఆవిడ ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం.

అతన్ని ఉంచారు. మళ్ళీ వచ్చిన రోజు తల దువ్వుకుని, చెప్పాల్సిన క్షమాపణ దారంతా వల్లె వేసుకుంటూ వచ్చాడు. గదిలో మీసాలు కనిపించాయి.

"ఆవిడ... ఇవాళ రాలేదా?"

"వచ్చింది. మిమ్మల్ని నన్ను చూసుకోమని తనే అడిగింది."

వల్లె వేసుకున్నదంతా గొంతులోనే ఎండిపోయింది. నా ముఖం చూడటం కూడా ఇష్టం లేదన్నమాట, అనుకున్నాడు. వరండా అవతల ఒక తలుపు మెల్లగా మూసుకున్న చప్పుడు వినిపించింది.

"సార్, ఎప్పుడు కావాలంటే అప్పుడు మానెయ్యచ్చు కదూ? కారణం చెప్పక్కర్లేకుండా?"

"నిక్షేపంగా. తలుపు తీసే ఉంది."

అతను తలుపు వైపు చూశాడు. తరవాత తన చేతుల వైపు చూశాడు. కుళాయిల కింద నిలబడ్డ వాళ్ళెవరో, ముఖాలు తెలియని వాళ్ళు, వరసగా కళ్ళ ముందుకి వచ్చారు.

మీసాల సారు కలం తీశాడు. "పదికి ఎంత?"

"ఎనిమిది," అన్నాడు అతను. సారు ముఖంలో వెంట్రుక కూడా కదలలేదు. కదిలినా ఆ మీసాల్లో తెలిసేది కాదు.

అలా చివరి వరకూ వచ్చాడు. ఎనిమిదైతే ఎనిమిదన్నాడు, ఏడైతే ఏడన్నాడు. వచ్చిన ప్రతిసారీ ఆ మూసిన తలుపు ముందు నుంచే నడిచాడు, అడుగు తేలిక చేసుకుని, లోపలివాళ్ళకి ఇబ్బంది కాకూడదని. ఆ తేలిక అడుగులు విని తలుపు వెనక ఒకరు రాసే పని ఆపేస్తారని అతనికి తెలియదు.

"ఆ ప్రశ్నల పిల్ల కనిపించడం లేదేంరా?" అనేది నానమ్మ.

"ఉంది. నాకు కనిపించదు, అంతే."

"నువ్వు చేసిన పనికి నేనైతే చీపురు తీసేదాన్ని. తలుపేసుకుందంటే మంచి పిల్లే."

*

ట్రయల్ ముగిసి కాలం మారింది. మళ్ళీ వానలు వచ్చాయి.

ఒక మధ్యాహ్నం బేకరీ ముందు గొడుగు ముడిచిన చప్పుడయింది. అతను తొడుగుల్లోనే పిండి పిసుకుతూ తలెత్తాడు. చేతులు అలాగే పిండిలో ఉండిపోయాయి.

"ఫలితాలు తెరిచారు," అంది ఆమె గడప దగ్గరే నిలబడి. "మిమ్మల్ని పిలిపించి చెప్పమన్నారు మీసాల సారుని. నేను వెళ్ళి చెప్తానన్నాను."

"లోపలికి రామ్మా, వానలో ఫలితాలేంటి," అంది నానమ్మ కౌంటరు వెనక నుంచి.

ఆమె వచ్చి పిండి బల్లకి ఇవతల నిలబడింది. "మీకు వచ్చింది మందు లేని క్రీము."

అతను ఒక క్షణం చూసి పకపకా నవ్వాడు. "ఇన్నాళ్ళూ నేను రాసుకున్నది ఉత్తదా? ఎంత భక్తిగా రాసుకున్నానండీ!"

"అవతలి సగంలో చాలామందికి తగ్గింది. మందు పనిచేసింది." ఆమె ఆగింది. "ఆ తేడా తెలిసింది, ఇవతలి సగంలో తగ్గని వాళ్ళు తగ్గలేదని నిజం చెప్పడం వల్ల. మీరు ఆ రెండు అంకె దగ్గరే ఉండిపోయి, మీలాంటి మంచివాళ్ళు ఇంకొందరు తోడై ఉంటే, ఉత్త క్రీముతో కూడా తగ్గుతోందనుకునేవాళ్ళు. మంచి మందు పక్కన పడిపోయేది."

అతని నవ్వు ఆగిపోయింది. "అమ్మో," అన్నాడు చిన్నగా.

"ఉత్త క్రీము వచ్చినవాళ్ళకి ఇప్పుడు అసలుది ఇస్తారు. మళ్ళీ చదివి, ఇష్టమైతేనే. దీంతో తప్పకుండా..."

"తగ్గిపోతుందని మీరనడం లేదు. తెలుసు." అతను పిండిని చూస్తూ అడిగాడు. "అప్పుడు కూడా మీసాల సారేనా?"

"ఆయనే. నన్ను వేరే ట్రయల్‌కి మార్చమని అడిగాను, మార్చారు."

"నా మీద అంత కోపమా?"

వాన చూరు మీద గట్టిగా పడుతోంది. నానమ్మ ఎన్నడూ లేనిది చప్పుడు చెయ్యకుండా సంచీలు మడతపెడుతోంది.

"కోపం ఆ సాయంత్రం ఉంది. ఇంటికి వెళ్ళేలోపే పోయింది," అంది ఆమె. "మిమ్మల్ని అడిగేవాళ్ళ ముఖం తెల్ల కాగితంలా ఉండాలి. మీరు ఎనిమిదంటే నాకు ఏడుపొస్తుంది. రెండంటే నవ్వొస్తుంది. అలాంటిదాన్ని ఆ కుర్చీలో కూర్చోకూడదు. అందుకే తలుపేసుకున్నాను."

అతను కదలలేదు. అర్థమైనట్టూ, అర్థమైందని నమ్మడానికి భయపడుతున్నట్టూ చూశాడు.

"మీకేం అర్థమైందో మీ మాటల్లో చెప్పండి," అంది ఆమె.

అతను తొడుగులు తీసేశాడు. ఆ నెర్రెలు విచ్చిన చేతుల్ని దాచుకోకుండా బల్ల మీద పెట్టాడు.

"ఏం జరుగుతుందో మీకు తెలీదు, నాకు తెలీదు. డాక్టరమ్మకి మాత్రం తెలిసిపోయి ఉంటుంది. అంతా బావుంటుందని ఎవరూ మాటివ్వడం లేదు. రోజూ నిజం చెప్పాలి, ఎదుటివాళ్ళ కళ్ళు చిన్నబోయినా సరే. ఇంటికెళ్ళి మీవాళ్ళతో మాట్లాడాలి. అప్పటికీ ఇష్టమైతేనే." తలెత్తి చూశాడు. "నాకు ఇష్టమే. సంతకం ఎక్కడ పెట్టాలండీ?"

ఆమె నవ్వింది. ఫైలు అడ్డం లేదు. "మా అమ్మ ముందు. చదవకుండా ఒప్పుకోదు."

"ఎప్పుడు కావాలంటే అప్పుడు మానెయ్యచ్చా?"

"మానెయ్యచ్చు. కానీ ఇందులో కారణం చెప్పాలి."

"నాకు చెప్పాలి!" అంది నానమ్మ, ఇక ఉండబట్టలేక. ట్రేలోంచి పొగలు కక్కుతున్న బన్ను తీసి ఆమె చేతిలో పెట్టింది. "ఇప్పుడు నువ్వు వీడి ప్రశ్నల పిల్లవి కాదుగా? వాసన చూసింది చాలు. తిను."

ఆమె తుంచి నోట్లో పెట్టుకుంది. అతను బల్ల మీదికి వంగాడు.

"పదికి ఎంత?"

ఆమె నెమ్మదిగా నమిలింది. అతని కళ్ళలోకి చూసింది. ఆ కళ్ళు ఎలా వెలిగి ఉన్నాయో, ఒక్క అంకెతో ఎలా చిన్నబోతాయో ఆమెకి కనిపిస్తూనే ఉంది.

"ఏడు," అంది. "ఉప్పు తక్కువైంది."

నానమ్మ కౌంటరు మీద చెయ్యి చరిచింది. "నేను మొత్తుకుంటూనే ఉన్నాను, విన్నాడా! ఒరేయ్ ఎలకా, ఈ పిల్లని వదిలావంటే నువ్వూ వద్దు నీ బన్నులూ వద్దు. మీ అమ్మ ఎప్పుడు ఖాళీగా ఉంటుందో కనుక్కోమ్మా, నేను వచ్చి మాట్లాడతాను."

అతను ఉప్పు డబ్బా అందుకున్నాడు. కళ్ళు మాత్రం చిన్నబోలేదు.